పరలోక పౌరసత్వం, భూలోక వెలి: ఉత్తరాంధ్ర దళిత క్రైస్తవుల మూడు రిజిస్టర్లు

'మనది ఈ లోకం కాదు, మన ఊరు పైన ఉంది' అనే మాట శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు మాలపేటల్లో, రెల్లివీధుల్లో ప్రార్థన జరిగే ఇంట్లో వినబడుతూనే ఉంటుంది. చావింట్లో మరీ ఎక్కువ. చనిపోయినవాడు చనిపోయాడనరు, పిలుపు అందుకున్నాడంటారు, సొంతింటికి వెళ్లాడంటారు. బతికినన్నాళ్లూ సొంతిల్లు లేనివాడి గురించి కూడా అలాగే అంటారు.

ఈ మాట మీద బయటివాళ్లు ఎప్పుడో తీర్పు చెప్పేశారు. అభ్యుదయవాదులు దీన్ని మత్తుమందు అన్నారు. మతాన్నీ దేశాన్నీ ఒకటి చేసి చూసేవాళ్లు దీన్ని పరాయి భక్తి అన్నారు. 'పైలోకం పౌరులకి ఈ దేశంలో రిజర్వేషనేటి?' అని కూడా అడిగారు. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ లోకంలో ఊరు ఎవరిది? ఊరవతల ఉన్నవాడు తనకి ఇంకొక ఊరుందని చెప్పుకుంటే, అది అతన్ని కట్టుకున్న ఊరు గురించి ఏం చెబుతున్నట్టు? ఈ వ్యాసం ఆ ప్రశ్నను ఉత్తరాంధ్ర చరిత్రలో వెతికే ప్రయత్నం.

మన చేతిలో మూడు రిజిస్టర్లున్నాయనుకుందాం. ఒకటి, పరలోకంలో ఉందని విశ్వాసులు నమ్మే జీవగ్రంథం. రెండు, పాస్టరుగారి బీరువాలో ఉండే సంఘం పుస్తకం. మూడు, సర్కారు రికార్డు - భూమి, కులం, జనాభా లెక్క. ఒకే మనిషి ఈ మూడింటిలో మూడు రకాలుగా ఉంటాడు, ఒక్కోసారి అసలు ఉండడు. దళిత క్రైస్తవుల చరిత్ర చాలావరకు ఈ మూడు పుస్తకాల మధ్య జరిగిన చరిత్రే.

ఫిలిప్పీలో ఏం జరిగింది

పరలోక పౌరసత్వం అనే భావనకి ఆధారం పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక మూడో అధ్యాయం. తెలుగు బైబిలు అక్కడ 'పౌరస్థితి' అనే మాట వాడింది. గ్రీకు మూలంలో ఉన్నది 'పొలితెయుమ', నగరానికి చెందిన హక్కు అనే అర్థం ఉన్న రాజకీయ పదం. పౌలు దాన్ని ఎక్కడివాళ్లకి రాశాడన్నది ముఖ్యం. ఫిలిప్పీ మాసిడోనియాలోని రోమన్ వలస పట్టణం. క్రీ.పూ. 42లో ఆ ఊరి దగ్గర జరిగిన యుద్ధం తర్వాత సైన్యం నుంచి విరమించిన సిపాయిలకి అక్కడ భూములిచ్చారు. రోమ్‌కి వందల మైళ్ల దూరంలో ఉన్నా రోమ్ పౌరులమని గర్వంగా చెప్పుకునే ఊరది. అదే ఊళ్లో బానిసలు, కూలీలు, పౌరసత్వం లేని పరాయివాళ్లు కూడా ఉన్నారు. ఆ ఊళ్లోని చిన్న సంఘానికి 'మీ పౌరసత్వం రోమ్‌లో లేదు, ఇంకోచోట ఉంది' అని చెప్పడం, ఊరి పెద్దల గర్వాన్ని పక్కన పెట్టి మాట్లాడటమే.

మన సంఘాల్లో అంతగా చెప్పని రెండో సంగతి అపొస్తలుల కార్యాల పదహారో అధ్యాయంలో ఉంది. ఇదే పౌలునీ సీలనీ ఇదే ఫిలిప్పీలో బట్టలు చించి, బెత్తాలతో కొట్టించి, విచారణ లేకుండా జైల్లో వేశారు. తెల్లారాక అధికారులు చడీచప్పుడు లేకుండా వెళ్లిపొమ్మంటే పౌలు వెళ్లలేదు. మేం రోమన్ పౌరులం, విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించారు, ఇప్పుడు వాళ్లే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. అంటే పరలోక పౌరసత్వం గురించి రాసినవాడు, భూలోక పౌరసత్వాన్ని అవసరమైన చోట వదులుకోలేదు. ఈ రెండు అధ్యాయాల్నీ కలిపి చదివితే వచ్చే అర్థం వేరు. విడదీసి చదివితే వచ్చే అర్థం వేరు. ఉత్తరాంధ్రలో వీటిని ఎక్కువగా విడదీసే చదివించారు.

విశాఖ నుంచి చికాకోలు దాకా

ఈ ప్రాంతానికి ప్రొటెస్టెంట్ మిషన్ చాలా ముందే వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో డెస్‌గ్రాంజెస్ సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. 1809లో క్రాన్, 1810లో డెస్‌గ్రాంజెస్ చనిపోయారు. వాళ్లు తెలుగు చేసిన సువార్తలు ఆ తర్వాత అచ్చయ్యాయి. అంటే ఉత్తరాంధ్రలో పరలోకం మొదట పుస్తకంగా వచ్చింది. ఆ పుస్తకం భాషను తీర్చినవాళ్లు పండితులు. అది ఎవరికోసమో ఆ ఎవరికీ అక్షరం రాదు.

పాట కూడా మొదట అలాగే వచ్చింది. గంజాం ప్రాంతపు వంగ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) 1833లో క్రైస్తవం తీసుకున్నాడు. పర్లాకిమిడి, చికాకోలు చుట్టుపక్కలే ఆయన జీవితంలో ఎక్కువభాగం గడిచింది. తెలుగు క్రైస్తవ కీర్తనకి ఆయన్నే ఆద్యుడిగా చెప్పుకుంటారు. ఆయన పాటల్లో చాలా భాగం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. శ్రీకాకుళం మాలపేటలో ఆ రాగం పేరు తెలిసినవాళ్లు అరుదు, పాట రానివాళ్లు ఇంకా అరుదు. పండితుడి కీర్తన కూలిచేల గొంతులోకి దిగి, డప్పు దరువుకీ గంజిర దరువుకీ సర్దుకుంది. ఈ దిగడాన్ని మన సాహిత్య చరిత్రలు గుర్తించలేదు. కీర్తన రాసినవాడి కులం వాళ్లకి తెలుసు, నూట యాభై ఏళ్లు దాన్ని బతికించిన వాళ్ల కులం వాళ్లకి పట్టలేదు.

దళితవాడల్లోకి సంఘం నిలదొక్కుకుని వెళ్లింది కెనడియన్ బాప్టిస్టుల కాలంలో. కెనడా తూర్పు తీరపు నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతాల బాప్టిస్టులు సయాంలోని కరెన్ల మధ్య పనిచేద్దామనుకుని, అది కుదరక, 1875లో తెలుగుదేశం వచ్చారు. శాన్‌ఫర్డ్, ఆర్మ్‌స్ట్రాంగ్, చర్చిల్ దంపతులు మొదటివాళ్లు. బొబ్బిలిలో జార్జ్ చర్చిల్, మటిల్డా చర్చిల్ దశాబ్దాలు ఉన్నారు. భీమునిపట్నం, చికాకోలు, బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి, పాలకొండ, టెక్కలి - ఈ ఊళ్లలో దొరగారి బంగళా, కంపౌండు, బోర్డింగు స్కూలు, బైబిలు స్త్రీల పని వరసగా వెలిశాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఒంగోలు ప్రాంతంలో 1878లో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ మిషన్‌లో ఒకేరోజు 2,222 మంది మాదిగలు, ఇతరులు బాప్తిస్మం తీసుకున్నారు. ఉత్తరాంధ్రలో అలాంటి మూకుమ్మడి ఉద్యమం రాలేదు. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి సంస్థానాల కింద ఉన్న ఈ నేలలో దళితుడు చాలావరకు ఒక రైతు గుమ్మానికి కట్టుబడిన కంబారి. మతం మారితే గింజలు ఆగిపోతాయి. అందుకే ఇక్కడ విశ్వాసం ఇంటికొకటి, పేటకి పదిళ్లు అన్నట్టు మెల్లగా పాకింది. ఒంగోల్లో మంద బలం ఉంది. ఇక్కడ ఒంటరితనం ఉంది. 'పైన ఊరుంది' అనే నమ్మకం ఆ ఒంటరితనంలో ఎందుకంత గట్టిగా పట్టుకుందో దీన్నుంచి కొంత అర్థమవుతుంది.

పేటలో పరలోకం చేసిన పని

పరలోకాన్ని చావు తర్వాతి సంగతిగా మాత్రమే చూస్తే, అది బతికుండగా పేటలో చేసిన పని కనబడదు. మూడు పనులు చెబుతాను.

మొదటిది పేరు. అంటరాని మనిషిని ఊరు పేరుతో పిలవలేదు. కులంతో పిలిచింది, 'ఓలె', 'ఒరే' అని పిలిచింది, అప్పన్నని అప్పిగాడు చేసింది. దేవుడి పుస్తకంలో నీ పేరు రాసి ఉందని, ఆ పేరు దేవుడికి తెలుసని చెప్పడం ఇలాంటి చోట చిన్నమాట కాదు. బాప్తిస్మంతో పైడమ్మ మరియమ్మ అయింది, సింహాచలం ఏలియా అయ్యాడు. సంఘం పుస్తకంలో ఆ పేరుకి తేదీ పడింది, తండ్రి పేరు పడింది, సంతకమో వేలిముద్రో పడింది. సెంటు భూమి లేనివాడి పేరు భూమి రిజిస్టర్లో ఎప్పుడూ ఉండదు. ఎన్నో కుటుంబాలకి కాగితం మీద మొదటిసారి కనబడిన పేరు సంఘం పుస్తకంలోదే.

రెండోది రోజు. ఆదివారం పని మానడం, చచ్చిన గొడ్డు మాంసం మానడం, విగ్రహాలకి మొక్కడం మానడం - క్లౌ దొర ఒంగోలు విశ్వాసులకి పెట్టిన మూడు షరతులు ఇవి. తెలుగుదేశంలో చాలా మిషన్లు ఇదే దారిలో నడిచాయి. పైకి ఇవి మత నియమాలు. పొలంలో ఇవి కూలి తగాదాలు. వారంలో ఒకరోజు నేను నీ కంబారిని కాను అని చెప్పడానికి కంబారికి ఇంకెవరి అనుమతీ దొరకదు. పైనున్న యజమాని ఆజ్ఞ దొరికింది. జాతరకి డప్పు కొట్టనన్నప్పుడూ అంతే. పరలోక పౌరుడు భూలోకంలో వెట్టిని కాదనడానికి తన పౌరసత్వాన్ని చూపించాడు.

మూడోది మట్టి. సమాధుల దొడ్డి అనే మాట కోస్తా దళిత క్రైస్తవులందరికీ తెలిసిందే. పేరు, తేదీ రాసిన రాయి కింద పడుకోవడం అంతకుముందు మన పూర్వీకులకి లేదు. పరలోకం మీద నమ్మకం ఉన్నవాళ్లే భూమ్మీద ఆరడుగుల జాగా కోసం అందరికంటే గట్టిగా కొట్లాడారు. ఇందులో వైరుధ్యం లేదు. తిరిగి లేచే శరీరానికి చోటు కావాలి. సమాధుల దొడ్డి ఆక్రమణ మీద మన జిల్లాల్లో ఎన్ని అర్జీలు పడ్డాయో లెక్కగడితే, అవన్నీ భూపోరాటపు కాగితాలేనని తెలుస్తుంది.

ఇలాంటి నమ్మకం మనకొక్కళ్లకే లేదు. అమెరికాలో నల్లజాతి బానిసలు కనాను దేశం గురించి పాడిన పాటల్ని యజమానులు భక్తి పాటలనుకున్నారు. ఆ పాటల్లో కనాను అంటే తమకి ఉత్తరాది, స్వేచ్ఛ అని ఫ్రెడరిక్ డగ్లస్ 1855లో తన ఆత్మకథలో రాశాడు. పైలోకం గురించి పాడినంత మాత్రాన పాడేవాడు కింద లోకాన్ని మర్చిపోయాడనడానికి లేదు.

పరలోకాన్ని కాపలా కాసినవాళ్లు

అయితే ఇదంతా విమోచన కథగా రాసేస్తే అబద్ధమవుతుంది. పేట చేతిలో హక్కుగా ఉన్న మాట, సంఘం పెద్దల చేతిలో ఊరడింపుగా మారింది. పరలోకంలో నీకు కిరీటముంది, ఇక్కడ ఓర్చుకో అన్నారు. కొట్టినవాడి మీద కేసు పెట్టకు, ప్రార్థన చేయి అన్నారు. పౌరస్థితి అధ్యాయం చదివారు, ఫిలిప్పీ జైలు కథలో పాటలూ భూకంపమూ దాకా చదివి ఆపేశారు. పౌలు అధికారుల్ని నిలదీసిన ఘట్టం మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో పాఠకులే గుర్తుచేసుకోవచ్చు.

అంబేద్కర్ ఈ జబ్బుని సూటిగా పట్టుకున్నాడు. క్రైస్తవంలోకి వెళ్లినవాళ్ల స్థితి మీద రాసినచోట ఆయన చేసిన విమర్శ ఇది: మనిషి పతనానికి కారణం అతని పాపమే అని నేర్పితే, తన చుట్టూ ఉన్న సమాజాన్ని మార్చాలనే ఆలోచన అతనికి రాదు. మతం మారినవాళ్లు కులాన్ని వెంట తీసుకెళ్లారని, సామాజిక అన్యాయం మీద క్రైస్తవులు ఉద్యమించలేదని కూడా ఆయన ఎత్తిచూపాడు. 1956లో ఆయన బౌద్ధం తీసుకుని, పరలోకం ఊసులేని ధర్మాన్ని తన ప్రజల ముందు పెట్టాడు. ఇది యాదృచ్ఛికం అనుకోలేం.

పరలోకంలో కులం లేదన్నవాళ్లు సంఘంలో కులాన్ని ఉంచారు. మాలల సంఘం, మాదిగల సంఘం, రెల్లి సంఘం వేరువేరుగా నడిచిన ఊళ్లున్నాయి. ఊరిని శుభ్రం చేసే రెల్లివాళ్లతో ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి మిగతా దళిత కులాలు ఎంత సణిగాయో మనం మనలో మనమైనా ఒప్పుకోవాలి. విదేశీ దొరలు వెళ్లిపోయాక కంపౌండు భూముల మీద, స్కూళ్ల మీద పెత్తనం కొన్ని కుటుంబాల చేతికి వెళ్లింది. పరలోక వారసత్వం అందరిదీ, భూలోక ఆస్తి కొందరిదీ అయింది.

1967లో మొదలై 1970 దాకా సాగిన శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం ఈ నేల మీదే జరిగింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఈ ప్రాంతపు పేదల్ని పరలోకం కోసం కాక పోడు కోసం, కూలి కోసం కూడగట్టారు. సంఘాలు చాలావరకు దూరంగానే ఉండిపోయాయి. అదే సమయంలో ఎర్రజెండా కూడా పేటలోని ప్రార్థనని అర్థం చేసుకోలేదు. మతం మత్తుమందన్న మార్క్స్, అదే చోట దాన్ని అణగారినవాళ్ల నిట్టూర్పు అని కూడా అన్నాడు. మన కామ్రేడ్లకి మొదటి ముక్కే గుర్తుంది.

మూడో రిజిస్టరు

పరలోక పౌరసత్వానికి భూమ్మీద కట్టిన వెల సర్కారు రికార్డులో ఉంది. 1936 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వే భారతీయ క్రైస్తవుడెవరినీ షెడ్యూల్డు కులస్తుడిగా లెక్కించరాదంది. స్వతంత్ర భారతంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువుల్ని తప్ప మిగతావాళ్లని జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితుల్ని చేర్చలేదు. చెప్పులు కుట్టే ఒక క్రైస్తవ దళితుడు వేసిన సూసై కేసులో 1985లో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా అంతే తీవ్రంగా అణచివేత ఉందని ఆధారాలతో చూపించాలంది. అణచివేతకి రుజువు తెచ్చే బాధ్యత కూడా అణగినవాడిదే అయింది.

ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవాళ్లు వెనకబడిన తరగతుల 'సి' గ్రూపులో ఉన్నారు. వాళ్ల వాటా 1 శాతం. ఊరు మాలవాడంటుంది, సర్కారు బీసీ అంటుంది, దేవుడు బిడ్డా అంటాడు. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో, క్రైస్తవ తల్లిదండ్రులకి పుట్టినవాడైనా తిరిగి హిందువై, ఆ కులం తనలో కలుపుకుంటే షెడ్యూల్డు కులస్తుడేనని సుప్రీంకోర్టు తేల్చింది. గుడికి తిరిగొస్తే కులం తిరిగొస్తుందన్నమాట. ఇది మత స్వేచ్ఛ ఇచ్చిన రాజ్యాంగంలోనే మతానికి పెట్టిన ధర.

ఈ ధర కట్టలేక పేట కనిపెట్టిన ఉపాయమే రెండు పేర్లు. బడిలో పైడమ్మ, సంఘంలో మరియమ్మ. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రైస్తవులు ఒక శాతం కూడా లేరు. ఆదివారం పొద్దున్న పేటల్లో తిరిగినవాడెవడూ ఆ అంకెని నమ్మలేడు. ఎంక్వయిరీకి ఎవరో వస్తున్నారంటే గోడమీది వాక్యం క్యాలెండరు తిప్పి పెట్టే ఇళ్లని నేనెరుగుదును. మా తరం చదువుకున్నది ఆ తిప్పి పెట్టిన క్యాలెండరు కిందే. దీన్ని కపటం అనేవాళ్లు, అలా తిప్పాల్సిన అవసరం ఎవరు కల్పించారో ముందు చెప్పాలి.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాని ఎత్తేయమంది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకి షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవం పాటించే పాస్టరుకి అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది. ఇక్కడ సంగతి చదువు సీటునీ ఉద్యోగాన్నీ దాటిపోయింది. కులం పేరుతో తిట్టినవాడు తిట్టేటప్పుడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడగడు. కేసు పెట్టేటప్పుడు మాత్రం అది అడ్డొస్తుంది.

భూమి దగ్గరికి

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపారు. ఆ మండలం అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస ప్రాజెక్టు కోసం సర్కారు తీసుకున్న భూమిలో మునగని భాగాన్ని దళితులు సాగుచేసుకోవడం తూర్పు కాపు కులస్తులకి గిట్టలేదు. చనిపోయినవాళ్లు ఏ దేవుణ్ణి నమ్మారని చంపినవాళ్లు అడగలేదు. భూమిలో కాలు పెట్టడమే నేరమైంది. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న చంపబడ్డ దళితుల్ని ఊరు నడుమ పూడ్చి ఆ చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. వెలివాడలోని మనుషులు తమ చనిపోయినవాళ్లతో ఊరి మధ్యలో జాగా తీసుకున్నారు. పరలోకం, భూలోకం అని మనం గీసుకున్న గీత ఆ మట్టిలో కనబడదు.

ఈ చరిత్ర నుంచి నాకు తోస్తున్నది ఇది. పైన ఊరుందనే నమ్మకం దళితుణ్ణి ఓడించలేదు, గెలిపించనూ లేదు. ఊరు తీసేసిన పేరుని అది తిరిగిచ్చింది, వారానికొక రోజుని ఇచ్చింది, చనిపోయినవాళ్లకి రాయిని ఇచ్చింది. ఆ నమ్మకాన్ని భూమి నుంచి, చట్టం నుంచి, కూలి నుంచి విడదీసినప్పుడు అది పెద్దల చేతిలో తాళంచెవి అయింది. కలిపి పట్టుకున్నప్పుడు పౌలు ఫిలిప్పీ జైల్లో అడిగిన మాట అయింది: మీరే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లండి.

పరిశోధక విద్యార్థులకి, కార్యకర్తలకి, టీచర్లకి ఒక పని మిగిలి ఉంది. మన సంఘాల పాత పుస్తకాలు చెదపడుతున్నాయి. బాప్తిస్మం పట్టీలు, పెళ్లి రిజిస్టర్లు, సమాధుల దొడ్డి కాగితాలు మన కుటుంబాల మొదటి లిఖిత ఆధారాలు. వాటిని రెవెన్యూ రికార్డుతో పక్కపక్కన పెట్టి చదవాలి. డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దమ్మల్ని కూర్చోబెట్టి ఏ పాట ఎప్పుడు, ఏ పొలంలో, ఏ తగాదా రోజున పాడారో రాసుకోవాలి. ఏ సంఘంలో ఎవరి పేరు కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో కూడా రాసుకోవాలి. మూడో పేరా మీద రేపు ఏ కమిషన్ ఎదుటైనా, ఏ కోర్టులోనైనా అణచివేతకి ఆధారాలేవని అడిగినప్పుడు చూపించడానికి మన దగ్గరుండేవి ఆ పుస్తకాలూ ఆ పెద్దమ్మల మాటలే.